వంతెన కట్టగానే పండగ కాదు

ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. వంతెనల విషయంలో ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. కొత్త వంతెనకు ప్రారంభోత్సవం జరిగిన రోజున పందిళ్ళు, పూలదండలు, ఉపన్యాసాలు, ఫోటోలు అన్నీ ఉంటాయి. శిలాఫలకం మీద పేర్లు పడతాయి. మర్నాటి నుంచి ఆ వంతెన బాగోగులు అడిగే నాథుడు ఉండడు. ఫలకం మీద పేరున్న వారిలో ఒక్కరైనా అయిదేళ్ళ తర్వాత వచ్చి వంతెన కిందికి దిగి చూసిన దాఖలాలు అరుదు.

కాలువలు, డ్రెయిన్లు, పాయలు, లంకలతో నిండిన గోదావరి జిల్లాల్లో వంతెన లేనిదే పూట గడవదు. ధాన్యం మిల్లుకు చేరాలన్నా, కొబ్బరికాయ మార్కెట్టుకు వెళ్ళాలన్నా, పిల్లలు కాలేజీకి పోవాలన్నా, నెలలు నిండిన ఇల్లాలిని అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా ఏదో ఒక వంతెన దాటవలసిందే. పడవ కోసం రేవులో గంటల తరబడి కాచుకున్న తరం ఇంకా ఊళ్ళలో ఉంది. వంతెన విలువ ఏమిటో వారిని అడిగితే చెబుతారు.

అయితే కట్టిన నాడు ఎంత బలంగా ఉందో నలభై ఏళ్ళకూ వంతెన అంతే బలంగా ఉంటుందని జనం అనుకుంటారు. రాయిలా ఉంది, దానికేమవుతుందని అంటారు. పొరపాటు అక్కడే ఉంది. కాంక్రీటు రాయి కాదు. దానికి వయసు ఉంది. అది ఎండుతుంది, ముడుచుకుంటుంది, బరువు కింద ఏళ్ళ తరబడి నెమ్మదిగా కుంగుతుంది. లాగి బిగించిన ఉక్కు తీగ కూడా కొంత బిగువు కోల్పోతుంది. ఇదంతా ఎవరో చేసిన మోసం కాదు, ఆ వస్తువుల స్వభావం. ఈ స్వభావాన్ని ముందుగా లెక్కలో వేసుకోవాలి, తర్వాత ఏటేటా కొలిచి చూసుకోవాలి. లెక్క వేయకుండా, కొలవకుండా వదిలేస్తే మాత్రం అది ప్రజలకు చేసిన మోసమే అవుతుంది.

బండి చక్రమూ నులక మంచమూ

నేడు పెద్ద వంతెనల్లో చాలా వాటిని ప్రీస్ట్రెస్ పద్ధతిలో కడుతున్నారు. పేరు కొత్తగా ఉన్నా కిటుకు పల్లెలకు పాతదే. కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తారు. చల్లారిన పట్టా బిగుసుకుని పూటీలనూ ఆకులనూ కుండ వైపు నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడే చక్రానికి బలం. రోడ్డు మీద ఎన్ని దెబ్బలు తగిలినా కీలు ఊడదు.

వంతెన దూలంలోనూ అంతే. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది కాని లాగుడును ఓర్చుకోలేదు. లారీ బరువు పడినప్పుడు దూలం కింది అంచు సాగుతుంది, సాగితే పగులుతుంది. అందుకని బలమైన ఉక్కు తీగలను ముందే లాగి, చివరల బిగించి, దూలాన్ని నొక్కి ఉంచుతారు. అర అంగుళం లావున్న ఏడు పోగుల తీగ ఒక్కటి తెగడానికి సుమారు 18 టన్నుల బలం కావాలంటే ఆ బిగువు ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఇక ఉక్కు, కాంక్రీటు కలిపి కట్టే మిశ్రమ దూలాలు మరొక రకం. కింద ఉక్కు గర్డరు ఉంటుంది, పైన కాంక్రీటు శ్లాబు ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి జారిపోకుండా గర్డరు పై అంచుకు గుబ్బ తల ఉన్న ఉక్కు మేకులు వెల్డు చేసి, వాటి చుట్టూ కాంక్రీటు పోస్తారు. అప్పుడు రెండూ ఒకే దూలంలా పని చేస్తాయి. అవసరమైన చోట ఈ గర్డరుకు కూడా తీగలు కట్టి లాగి బిగువు ఇస్తారు. దీనివల్ల ఉక్కు ఆదా అవుతుంది, దూలం ఎక్కువ బరువు మోస్తుంది. పాతబడిన వంతెనలకు బలం చేకూర్చడానికి కూడా ఈ పద్ధతి వాడుతున్నారు.

అంతా బాగానే ఉంది. కాని ఎండాకాలంలో బండి చక్రం ఏమవుతుందో రైతుకు తెలియనిది కాదు. కర్ర ఎండి ముడుచుకుంటుంది, పట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని చెరువులో నానబెడతారు. నులక మంచం ఎంత బిగించి అల్లినా కొన్నాళ్ళకు నడుమ జారుతుంది. అప్పుడు కాళ్ళ వైపు తాడు లాగి మళ్ళీ బిగిస్తారు. ఇంట్లో మంచానికి ఉన్నపాటి శ్రద్ధ వేల మంది దాటే వంతెనకు లేకపోవడం శోచనీయం.

జోడెద్దులలో ఒకటి అలసినప్పుడు

మిశ్రమ దూలం కాలక్రమంలో ఎలా ప్రవర్తిస్తుందో చెప్పడానికి జోడెద్దుల కంటే మంచి ఉదాహరణ లేదు. కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి క్రమంగా అలసి వెనుకబడితే బరువంతా రెండోదాని మెడ మీద పడుతుంది. ఇక్కడ అలసే ఎద్దు కాంక్రీటు, బరువు మోసే ఎద్దు ఉక్కు. మామూలు ఎండవేడిలో ఉక్కు గర్డరు కాలం గడిచిందని కుంగదు. కాంక్రీటు శ్లాబు మాత్రం తన మీది బరువుకు నెలల తరబడి, ఏళ్ళ తరబడి కొద్ది కొద్దిగా లొంగుతూ ఉంటుంది. దీనిని ఇంజనీర్లు క్రీప్ అంటారు. శ్లాబు లొంగిన కొద్దీ అది మోయవలసిన భారం ఉక్కు వైపు జరుగుతుంది.

దీనికి తోడు కాంక్రీటు ఎండి ముడుచుకుంటుంది. భారత ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 456 పుస్తకం ప్రకారం, వేరే వివరాలు లేనప్పుడు మీటరుకు 0.3 మిల్లీమీటరు చొప్పున ముడుచుకుంటుందని లెక్క వేస్తారు. అంటే 30 మీటర్ల శ్లాబు దేనికీ అతుక్కోకుండా ఉంటే 9 మిల్లీమీటర్లు పొట్టి అవుతుంది. కాని కింద గర్డరుకు మేకులతో అతికి ఉంది కనుక దాని ఇష్టం వచ్చినట్లు పొట్టి కాలేదు. పై భాగం ముడుచుకోబోతుంది, కింది భాగం కదలనంటుంది. ఒక వైపే ఎండిన పచ్చి పలక వంగినట్లు దూలం నడుమ కిందికి వంగుతుంది. పైన ఒక్క బండి నడవకపోయినా ఈ వంపు వస్తుంది.

పిల్లర్ల మీదుగా ఆగకుండా సాగే దూలాల్లో మరో చిక్కు ఉంది. అక్కడ పిల్లరు నెత్తిన శ్లాబు నొక్కుడుకు కాక లాగుడుకు గురవుతుంది. పగుళ్ళు రాకుండా ఆ భాగాన్ని తీగలతో నొక్కి ఉంచుతారు. కాంక్రీటు లొంగిన కొద్దీ ఆ నొక్కుడులో కొంత శ్లాబును వదిలి ఉక్కు గర్డరులోకి పోతుంది. మొదటి రోజున ఎంత నొక్కుడు ఉందో పదేళ్ళకూ అంతే ఉంటుందని లెక్క వేసిన వాడు పప్పులో కాలేసినట్లే. పగులు వస్తే వాన నీరు దిగుతుంది. నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. కథ అక్కడ మొదలవుతుంది.

ఇక తీగల సంగతి. లాగి బిగించిన తీగ పొడవు మారకపోయినా కాలం గడిచిన కొద్దీ దాని బిగువు కొంత తగ్గుతుంది. బిగువు తక్కువగా కోల్పోయే రకం తీగలకు కూడా 1000 గంటల పరీక్షలో రెండున్నర శాతం వరకు తగ్గుదలను మన ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. 1000 గంటలంటే ఆరు వారాలు కూడా కాదు. వంతెన బతకవలసింది నూరేళ్ళు.

తొందరపాటుకు మూల్యం

ఇక్కడ సామాన్యుడు తప్పక గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. కాంక్రీటు మీద ఎంత లేత వయసులో బరువు పెడితే అది అంత ఎక్కువగా కుంగుతుంది. పైన చెప్పిన ఐ.ఎస్. 456 లోనే ఈ లెక్క ఉంది. పోసిన 7 రోజులకే బరువు పెడితే, బరువు పెట్టిన వెంటనే ఎంత కుంగుతుందో దానికి 2.2 రెట్లు తర్వాతి కాలంలో అదనంగా కుంగుతుంది. 28 రోజులు ఆగితే అది 1.6 రెట్లకు, ఏడాది ఆగితే 1.1 రెట్లకు తగ్గుతుంది. పచ్చి మట్టికుండను ఆవంలో పెట్టకుండా నీళ్ళకు పంపితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

కాని జరుగుతున్నదేమిటి? పెద్దలు వచ్చే తేదీ ముందు ఖరారవుతుంది, పని దాని వెంట పరుగెడుతుంది. సెంట్రింగు తొందరగా ఊడదీస్తారు. శ్లాబు మీద గోనె పట్టాలు పరిచి తడపవలసిన రోజుల్లో నీళ్ళ ట్యాంకరు కనిపించదు. అదే శ్లాబు మీద కంకర గుట్టలు పోస్తారు. ఆ రోజు ఏమీ కాదు కనుక ఎవరూ పట్టించుకోరు. దాని ఫలితం పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో బయటపడేనాటికి బిల్లులు మంజూరై, సంతకాలు చేసిన వారు రిటైరై ఉంటారు. బాధ పడేది మాత్రం ఊళ్ళవారు.

ప్రపంచం నేర్చుకున్న పాఠాలు

కాంక్రీటు కుంగుతుందన్న సంగతి మొదట పెద్ద ఇంజనీర్లకే తెలియదు. ఫ్రాన్సులో యూజీన్ ఫ్రేసినే అనే ఇంజనీరు 1911 ప్రాంతంలో ఆలియే నది మీద కట్టిన వంతెన కమానులు పూర్తయిన తర్వాత కూడా నెల నెలా కిందికి దిగసాగాయి. ఆయన మళ్ళీ జాకీలు పెట్టి కమానులను పైకెత్తి వంతెనను కాపాడాడు. కాంక్రీటు బరువు కింద ఏళ్ళ తరబడి లొంగుతుందని ఆయన అక్కడ గ్రహించాడు. అందుకే తర్వాత ప్రీస్ట్రెస్ పద్ధతికి 1928లో పేటెంటు తీసుకున్నప్పుడు, మామూలు ఇనుము చాలదు, చాలా బలమైన తీగను చాలా గట్టిగా లాగితేనే కుంగుబాటు పోను కొంత బిగువు మిగులుతుందని పట్టుబట్టాడు. వంతెన దగ్గర నిలబడి చూసినవాడు కనుకనే ఆయనకు ఆ విద్య అబ్బింది.

తెలిసిన తర్వాత కూడా ఏమరుపాటు తప్పలేదు. పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల్లో కొరోర్, బాబెల్డావోబ్ అనే రెండు దీవుల మధ్య 1977లో ఒక ప్రీస్ట్రెస్ కాంక్రీటు వంతెన కట్టారు. అందులో ఉక్కు గర్డర్లు లేవు. నడుమ ఖానా 241 మీటర్లు, ఆ రకంలో ఆ రోజుకు ప్రపంచంలోనే పెద్దది. 18 ఏళ్ళలో దాని నడుమ 1.39 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు కుంగింది. కట్టిన వారు అనుకున్న దానికి ఇది చాలా ఎక్కువ. 1996లో అదనపు తీగలు బిగించి మరమ్మతు చేశారు. మరమ్మతు అయిన మూడు నెలలకు, 1996 సెప్టెంబరు 26న, వంతెన సముద్రంలో కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. ఒక దీవిలో ఊరు, మరో దీవిలో విమానాశ్రయం. మంచినీరు, కరెంటు కూడా ఆ వంతెన మీదుగానే వెళ్ళేవి. ఒక్క పూటలో అన్నీ తెగిపోయాయి. కొత్త వంతెన 2002లో గాని రాలేదు.

అంతకంటే గమనించదగ్గ సంగతి మరొకటి. ఆ కూలుడుకు సంబంధించిన సాంకేతిక వివరాలు కోర్టు రాజీల కారణంగా చాలా ఏళ్ళు బయటకు రాలేదు. ఇంజనీర్లు పట్టుబట్టిన మీదట 2008లో వెల్లడయ్యాయి. అమెరికాలోని ఆచార్య బాజాంట్ బృందం ఆ వివరాలు పరిశీలించి, అనేక ఇతర దేశాల వంతెనలు కూడా పుస్తకాల లెక్కలను మించి దశాబ్దాల తరబడి కుంగుతూనే ఉన్నాయని చూపింది. వివరాలు బీరువాలో దాచకుండా ఉంటే ఆ పాఠం ముందే అందేది.

తీగకు తుప్పు పడితే మరీ ప్రమాదం. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో 1953లో కట్టిన ఒక చిన్న ప్రీస్ట్రెస్ వంతెన 1985 డిసెంబరులో ముందుగా ఏ సూచనా లేకుండా కూలింది. విప్పి చూస్తే అతుకుల దగ్గర తీగలు తుప్పుపట్టి తెగి ఉన్నాయి. మన దేశంలో గోవాలోని మాండవి నది వంతెన 1986 జులైలో కూలడానికి కూడా సముద్రపు గాలికి తీగలు తుప్పు పట్టడమే ప్రధాన కారణంగా చెప్పారు. ఇటీవల 2025 జులై 9న గుజరాత్‌లో మహిసాగర్ నది మీద 1985లో కట్టిన గంభీర వంతెనలో ఒక భాగం విరిగి వాహనాలు నదిలో పడిపోయి 20 మందికి పైగా మరణించారు. కీళ్ళ దగ్గర, ఆనుడు దిమ్మెల దగ్గర దెబ్బ తిన్నదని ప్రభుత్వం ప్రకటించింది. ఆ వంతెన వయసు 40 ఏళ్ళే.

కళ్ళ ముందున్న పాఠం

రాజమండ్రి దగ్గర గోదావరి ఒడ్డున నిలబడితే ఈ విద్యంతా కళ్ళకు కడుతుంది. 1900లో వచ్చిన హేవ్‌లాక్ వంతెన ఉక్కు గర్డర్ల వంతెన. 1997లో రైళ్ళు ఆగేదాకా దాదాపు నూరేళ్ళు పని చేసింది. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు. 1997లో వచ్చిన మూడో రైలు వంతెన ప్రీస్ట్రెస్ కాంక్రీటుతో కట్టిన కమాను వంతెన. దానికి ఒక్కొక్కటి 97 మీటర్లు దాటిన ఖానాలు 28 ఉన్నాయి.

ఉక్కు వంతెనకు తుప్పు పడితే పైకి కనిపిస్తుంది. గోకి రంగు వేస్తారు, వదులైన రివెట్టు మారుస్తారు. అందుకే పాత వంతెన అన్నాళ్ళు నిలిచింది. కాంక్రీటులో దాగిన తీగ జబ్బు పైకి కనిపించదు. కనుక కొత్త రకం వంతెనలకు పాతవాటి కంటే ఎక్కువ శ్రద్ధ కావాలి, తక్కువ కాదు. రైల్వే వారికి తమ వంతెనలను క్రమం తప్పకుండా తనిఖీ చేసి రిజిస్టరులో రాసే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ కూడా 2016లో వంతెనల లెక్క, ఆరోగ్యస్థితి నమోదు చేసే ఏర్పాటు ప్రారంభించింది. కాని పల్లెటూరి రోడ్ల మీద, కాలువల మీద ఉన్న వంతెనల సంగతి ఏమిటి? కొన్ని రోడ్లు భవనాల శాఖవి, కొన్ని పంచాయతీరాజ్‌వి, కొన్ని ఇరిగేషన్ వారివి. మాది కాదంటే మాది కాదని తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం లేదు. ఇద్దరి పొత్తు ఎద్దు పుచ్చి చచ్చినట్లు కాకూడదు.

చేయవలసింది ఏమిటి?

ఇదంతా చదివి వంతెన ఎక్కడానికి భయపడవలసిన పని లేదు. కొద్దిపాటి కుంగుబాటు ప్రతి వంతెనకూ ఉంటుంది. దానిని ముందే ఊహించి దూలాన్ని కొంచెం పైకి వంచి కడతారు. కుంగడం తప్పు కాదు. ఎంత కుంగిందో, ఇంకా కుంగుతున్నదో ఆగిందో ఎవరికీ తెలియకపోవడమే తప్పు.

కనుక మొదటిది, ప్రతి వంతెనకూ ఒక జాతక పుస్తకం ఉండాలి. ఏ సంవత్సరం కట్టారు, ఎంత బరువుకు కట్టారు, కట్టిన రోజున దూలం నడుమ ఎత్తు ఎంత అన్నవి అందులో రాయాలి. ఏటా ఒకసారి అవే గుర్తుల దగ్గర లెవెలు పట్టి చూడాలి. ఎండ తగిలితే దూలం వంపు మారుతుంది కనుక తెల్లవారు జామునే కొలవాలి. దీనికి కోట్లు అక్కరలేదు. ఒక లెవెలు యంత్రం, ఇద్దరు మనుషులు, ఒక నోటు పుస్తకం చాలు.

రెండవది, ఆ లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించాలి. వంతెన ప్రజలది, దాని ఆరోగ్యం తెలుసుకునే హక్కు ప్రజలది.

మూడవది, వానాకాలం ముందు నీటి గొట్టాల్లో మట్టి తీయించాలి. అతుకుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను వేళ్ళతో పీకించాలి. దూలం ఆనుకునే బేరింగుల చుట్టూ చెత్త లేకుండా చూడాలి. అది కదలవలసిన చోట కదలకపోతే దెబ్బ పిల్లరుకు తగులుతుంది.

నాలుగవది, బరువు పరిమితి బోర్డు పెట్టి ఊరుకోకుండా అమలు చేయాలి. అధిక లోడుతో తిరిగే ఇసుక లారీలను రాత్రిపూట వదిలేసి, పగలు రైతు ట్రాక్టరును ఆపడం న్యాయం కాదు. పిల్లర్ల పక్కన ఇసుక తవ్వకాన్ని ఏ మాత్రం సహించరాదు.

ఊళ్ళవారి బాధ్యత కూడా ఉంది. వంతెన కింద గడ్డివాములు వేయడం, చెత్త తగలబెట్టడం మానాలి. పెద్ద మంట సెగకు లోపలి తీగల బలం సగానికి సగం పడిపోవచ్చు. పిట్టగోడ వరస నడుమ కిందికి జారినట్లున్నా, దూలం మీద తుప్పు చారలు దిగినా, వాన వెలిశాక కూడా అడుగు నుంచి నీరు కారుతున్నా, అతుకు దగ్గర బస్సు మునుపటి కంటే గట్టిగా ఎగిరిపడుతున్నా కాగితం మీద తేదీ వేసి రాసి అధికారులకు ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. నోటి మాట గాలికి పోతుంది, కాగితం నిలుస్తుంది.

కొత్త వంతెన కావాలని ధర్నాలు చేసిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. ఉన్న వంతెనను కొలవండి అని ధర్నా చేసిన ఊరు మాత్రం అరుదు. వంతెన పోయాక కమిటీ వేస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. వాటితో పోయిన ప్రాణం రాదు, తెగిన దారి కలవదు. మంచం జారితే తాడు లాగి బిగించుకునే ఇంగితం ప్రతి ఇంట్లోనూ ఉంది. ఆ ఇంగితం ఆఫీసుల్లో కూడా కనబడాలి. ఈ వానాకాలం రాకముందే జిల్లాలోని ప్రతి వంతెన కిందికీ ఒక ఇంజనీరు దిగి చూసి, చూసినది రాసి, రాసినది ప్రజలకు చూపేలా అధికారులు ఆదేశాలు ఇవ్వాలి. శిలాఫలకం మీద పేరు వేయించుకున్న పెద్దలు కూడా ఒకసారి తమ పేరున్న వంతెన దాకా వచ్చి, కింద నిలబడి, తలెత్తి చూస్తే మంచిది.